ఒక అద్దుడు కాగితం ఎక్కువైంది

"కొట్టానని ఒప్పుకుంటే తేలిగ్గా పోతుందంటున్నాడు మీ మరిది," అన్నాడు మెర్ల్ ఫోగల్, సంకెళ్ళ చేతులు బల్ల మీద పెట్టి. "కొట్టని దెబ్బ ఎలా ఒప్పుకునేదండీ?"

"మరిది కాదు, మాజీ మరిది. ముందు ఆ తేడా తెలుసుకో, తర్వాత నీ సంగతి చూద్దాం," అన్నాను.

గోడకి ఆనుకుని నిలబడ్డ వెండల్ స్ట్రేక్ పళ్ళికిలించాడు. షెరీఫ్ ఆఫీసులో పెద్ద డిటెక్టివ్ అతను. వాళ్ళన్నకి నేను విడాకులిచ్చి ఎంత కాలమైనా, నలుగురిలో నన్ను 'వదినా' అని పిలవడం మానడు. అలా పిలిస్తే నాకు ఒళ్ళు మండుతుందని తెలుసు కాబట్టే పిలుస్తాడు. నా పేరు ఆర్డిత్ కోల్బ్. బీమా కంపెనీకి దర్యాప్తులు చేస్తాను. ఏదైనా పోయిందని ఎవరైనా రాస్తే, అది నిజంగా పోయిందో లేక పోయినట్టు నటిస్తున్నారో తేల్చడం నా పని. ఈ పనిలో పడ్డాక నేను మా అమ్మ మాట కూడా రెండోసారి అడగందే నమ్మలేదు.

ఈసారి పోయింది వస్తువొక్కటే కాదు. ఆదివారం సాయంత్రం, టిల్లర్స్‌బర్గ్ సగం ఊరు చర్చిలో ఉన్న వేళ, ఎవరో ఆరిన్ బెక్టల్ తల మీద కొట్టి, సెల్లారు మెట్ల మీంచి తోసేశారు. ఎనభై ఏళ్ళ మనిషి. కౌంటీ ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఇవాళ పొద్దున వేళ్ళు కదిలించాడట; ఏ క్షణాన్నయినా కళ్ళు తెరవొచ్చన్నారు డాక్టరు. ఈ ఊళ్ళో బాప్టిస్టు ఇంట పుట్టిన ప్రతి పిల్లకీ సండే స్కూల్లో పాఠం చెప్పింది ఆయనే. నాకూ చెప్పాడు. ఆయనంటే నాకు ప్రాణం. కళ్ళు తెరిస్తే కొట్టినవాళ్ళ పేరు చెప్తాడు. ఆ సంగతి కొట్టినవాళ్ళకీ తెలుసు. నాకు కాలు ఒకచోట నిలవనిది అందుకే.

"ఆదివారం ఆయనింటికి ఎందుకెళ్ళావు?" అని అడిగాను మెర్ల్‌ని.

మెర్ల్ ప్రతి శనివారం ఫైర్ స్టేషన్ హాల్లో బల్ల వేసుకుని పాత బేస్‌బాల్ కార్డులు అమ్ముతాడు. నోరు పెద్దది, చొక్కా ఎప్పుడూ మాసిందే.

"ఆయనే రమ్మన్నాడు. గ్రూబ్‌మైర్ కార్డు చూపిస్తానన్నాడు. అమ్మననీ అన్నాడనుకోండి. అయినా చూడ్డానికే ఏళ్ళ తరబడి కాళ్ళరిగేలా తిరిగా."

డచ్ గ్రూబ్‌మైర్ అని ఒకే ఒక్క వేసవి ఆడి, మళ్ళీ మైదానం మొహం చూడని ఆటగాడు. మా తాతల కాలంలో సిగరెట్టు పెట్టెల్లో పెట్టి ఇచ్చిన ఆటగాళ్ళ బొమ్మల బుల్లి కార్డుల్లో అతని కార్డు బహు అరుదు, ఖరీదూ అంతే. ఆరిన్ వాళ్ళ మేనమామ దాన్ని ఒక పుస్తకంలో పిండి జిగురుతో అంటించి పోయాడు. మా కంపెనీ బీమా చేసింది ఆ పుస్తకానికే.

"చూశావు. తర్వాత?"

"ఊదా దీపం, అదే అల్ట్రావయొలెట్ దీపం, పెట్టా. మావాళ్ళందరం పెడతాం. ఆ వెలుగులో పాత కాగితం చచ్చినట్టు పడుంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన కాగితంలో తెలుపు కోసం ఏదో కలుపుతారు, అది నీలంగా మెరుస్తుంది."

"ఇది మెరిసిందా?"

"పెళ్ళికూతురి మేలిముసుగులా మెరిసింది. నకిలీ." మెర్ల్ తల దించుకున్నాడు. "అనకూడనివన్నీ అన్నా. ముసలి దొంగా అని కూడా అన్నా. ఆయన మొహం చూశాక గాని నాకు తెలీలేదు, అది నకిలీదని ఆయనకీ తెలీదని. కుర్చీలో కూలబడిపోయాడు. 'మెర్ల్, నువ్వు ఇంటికెళ్ళు. నేనొక మనిషితో మాట్లాడాలి' అన్నాడు. వచ్చేశా."

"ఎవరితో మాట్లాడాలట?"

"చెప్పలేదు."

"ఎలా చెప్తాడు వదినా? అలాంటి మనిషి ఉంటేగా," అన్నాడు స్ట్రేక్. "అసలు కార్డు జేబులో వేసుకుని నకిలీది అంటించింది వీడే. ముసలాయన కనిపెట్టాడు, వీడు కొట్టాడు. కేకలు పక్కింటావిడ విన్నది. ఇంకేం కావాలి నీకు?"

"కార్డు దొరికిందా?"

"దొరుకుతుంది."

"ఆసుపత్రి దగ్గర కాపలా ఉందా?"

"పొద్దున్నే తీసేశా. దొంగ లోపలుంటే బయట కాపలా ఎవరి కోసం? మా డెప్యూటీలకి వేరే పని లేదనుకున్నావా?"

"మళ్ళీ పెట్టించు వెండల్. దొంగ వీడు కాకపోతే?"

"నీకు అందరూ దొంగలే, దొంగ తప్ప."

నేను కోటు తీసుకుని లేచాను. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ కార్డుల పుస్తకం, వీడి దీపం పట్టుకుని బెక్టల్ ఇంటికి రా. నా ముందు విప్పి చూపించకపోతే మా కంపెనీ వకీలు మీ షెరీఫ్‌కి ఫోన్ చేస్తాడు," అన్నాను. వకీలు అనగానే స్ట్రేక్ మొహం మాడిపోయింది గాని, వస్తానన్నాడు.

నేను వెళ్ళేసరికి బెక్టల్ ఇంటి వంటింట్లో బల్ల నిండా మూతలు పెట్టిన గిన్నెలున్నాయి. ఎవరింట్లో కష్టమొచ్చినా మా చర్చి ఆడవాళ్ళు నూడుల్స్, కోడి మాంసం కలిపి కాల్చి పట్టుకొస్తారు. ఇంట్లో తినే నోరు ఒక్కటే ఉన్నా సరే. ఆ ఒక్క నోరు కొరీన్‌ది. ఆరిన్ తమ్ముడి కూతురు, పెళ్ళి కాలేదు, నలభై దాటాయి. పెదనాన్న ఇల్లు చూసుకుంటూ ఉంటుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, మెట్ల కింద ఆయన్ని చూసింది ఆమే.

ఆమెకి ఎదురుగా హార్లన్ నెస్ కాఫీ తాగుతున్నాడు. నెస్ అండ్ సన్స్ ఫ్యూనరల్ హోమ్ యజమాని, మా సంఘ పెద్ద. ఈ ఊళ్ళో పోయినవాళ్ళందరికీ మూడు తరాలుగా ఆఖరి చొక్కా తొడిగింది వాళ్ళే. మాట మెత్తన, నడక మెత్తన.

"రా ఆర్డిత్," అన్నాడు లేస్తూ. "కొరీన్, ఆసుపత్రిలో ఈ పూట నీ వంతు నేను కూర్చుంటాలే. నువ్వు ఈవిడతో తాపీగా మాట్లాడు. రాత్రంతా నిద్ర లేదు నీకు."

రోగి పక్కన వంతులు వేసుకుని కూర్చోవడం మా సంఘంలో ఎప్పటినుంచో ఉన్నదే.

"హార్లన్, మంచం పక్కన నువ్వు కూర్చుంటే మనిషి హడలిపోయి లేచి కూర్చుంటాడేమో," అన్నాను.

"లేస్తే అంతకన్నా ఏం కావాలి," అని నవ్వి, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. అతని కారు వీధి మలుపు తిరిగేదాకా కొరీన్ కిటికీలోంచి చూస్తూ నిలబడింది.

"కూర్చో అమ్మాయ్," అన్నాను. కార్డు మార్చినవాళ్ళు ఆరిన్ ఇంట్లో లేని రోజు చూసే మార్చి ఉండాలి. "శనివారం సంగతి చెప్పు. మీ పెదనాన్న ఎక్కడున్నాడు?"

"ఫైర్ హాల్లో. కార్డుల సంత కదా. పొద్దున్నే వెళ్తే సాయంత్రానికి గాని రాడు."

"ఇంట్లో ఎవరున్నారు?"

"నేనే. ఆ కార్డులున్న ఇల్లు ఖాళీగా వదలనివ్వడు ఆయన."

"రోజంతా కదల్లేదా?"

"కదల్లేదు. పీచ్ పండ్లు కూరి తీపి రొట్టె కాల్చా. సీసాలో దాచిన పండ్లు. పిండి రెండు సార్లు కలిపా, మొదటిసారి జావైపోయింది. తర్వాత కిటికీలు తుడిచా. తర్వాత..."

నేను అడగనివన్నీ చెప్తోంది. అబద్ధం అలవాటు లేనివాళ్ళే ఇలా వివరాలు గుమ్మరిస్తారు. అలవాటున్నవాళ్ళు రెండు ముక్కల్లో తేల్చేస్తారు. పైగా చేతిలో తళతళలాడే గిన్నెని మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

"కొరీన్, ఆ గిన్నె పెట్టెయ్, దానికి చిల్లు పడుతుంది. శనివారం ఈ ఇంట్లోకి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు ఆర్డిత్ గారూ. ఆ మెర్ల్‌ని పట్టుకున్నారుగా, నన్నెందుకు పీడిస్తారు?"

ఆమె మీద నాకు అనుమానం అప్పుడే గట్టిపడింది. ఇంతలో వీధి తలుపు ధడాలున మోగింది. స్ట్రేక్ వచ్చాడు, చంకలో పుస్తకం, చేతిలో దీపం.

ముగ్గురం వెనక గదిలోకి వెళ్ళాం. ఆరిన్ ప్రపంచమంతా ఆ గదే. ఒక పక్క కార్డుల బీరువా. రెండో పక్క గోడ పొడుగునా చిన్న చిన్న సొరుగులు, వాటి నిండా సిరా పీల్చే అద్దుడు కాగితాలు. సిరా కలాల రోజుల్లో చర్చిలూ, దాణా కొట్లూ, ఫ్యూనరల్ హోములూ ఒక బొమ్మా ఒక మంచి వాక్యమూ అచ్చేసి ఇంటింటికీ పంచినవి. వాక్యం తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లకి ఆరిన్ ఒకటి ఇచ్చేవాడు. కార్డుల వాళ్ళు వీటిని చూసి నవ్వుతారు. కార్డుల కోసం వచ్చిన స్ట్రేక్ మనుషులు ఆ సొరుగుల వైపు కన్నెత్తి చూసి ఉండరు.

"ఇదిగో నీ గ్రూబ్‌మైర్," అని స్ట్రేక్ పుస్తకం విప్పాడు.

నేను కార్డు చూడలేదు. పేజీ చూశాను. ఆ కార్డు చుట్టూ కాగితం అలలు అలలుగా లేచి ఉంది. మిగతా పేజీలు చదునుగా ఉన్నాయి.

"దీన్ని ఎప్పుడు తీసుకెళ్ళావు?"

"ఆదివారం రాత్రే. ముసలాయన్ని ఆసుపత్రికి పంపగానే."

"అప్పటికి తడిగా ఉందా?"

"ఎండుటాకులా ఉంది. తడెందుకుంటుంది?"

"ఎందుకంటే పిండి జిగురుతో అంటించిన కార్డుని కత్తితో లేపితే వెనక పొర ఊడొస్తుంది. ఇక అది చిత్తు కాగితమే. పేజీ వెనక తడి అద్దుడు కాగితం పెట్టి జిగురు నానబెట్టాలి. మెల్లగా లేపాక, కార్డుని మళ్ళీ అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన బరువు పెట్టాలి. గంటల పని. ఇంత మందం పేజీ ఆరాలంటే ఒక రాత్రి పడుతుంది. ఆదివారం మెర్ల్ ఇక్కడ ఎంతసేపున్నాడు?"

స్ట్రేక్ గడ్డం గోక్కున్నాడు. "అరగంట ఉంటాడేమో."

"అంతకు ముందు ఎప్పుడైనా ఈ గడప తొక్కాడా?"

"లేదు," అంది కొరీన్ గుమ్మంలోంచి, అనుకోకుండా. "పెదనాన్న రానిచ్చేవాడు కాదు."

"శనివారమంతా ఫైర్ హాల్లో ఉన్నాడు. మీ డెప్యూటీలే వాడితో బేరాలాడారు. కార్డు మార్చింది మెర్ల్ కాదు వెండల్. ఈ అలలు ఆరిన్ కంట పడకుండా వారం గడవదు; మొన్న శనివారం పగలు, ఆయన లేనప్పుడు, ఈ గదిలో తీరిగ్గా కూర్చుని మార్చారు."

స్ట్రేక్ ఓడిపోయాడని నేను మురిసేలోపే, అతను కొరీన్ వైపు తిరిగాడు. "శనివారం ఇంట్లో ఉన్నది నువ్వొక్కదానివేనని నాకు రాసిచ్చావు. నడు. ఒక గదిలోంచి వాణ్ణి తీసి ఇంకో మనిషిని పెట్టడం నాకేం కష్టం కాదు."

కొరీన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను ఇంట్లో లేను," అంది.

"మరెక్కడున్నావు?"

ఆమె నావైపు చూసింది. "సెయింట్ కాన్రాడ్ హాల్లో."

"కథోలిక్కుల హాల్లోనా? నీకక్కడేం పని?"

"బింగో."

స్ట్రేక్ పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బాప్టిస్టు ఇంటి పిల్ల, అందులోనూ ఆరిన్ బెక్టల్ ఇంటి పిల్ల, జూదం ఆడటానికి కథోలిక్కుల హాలుకి వెళ్ళడమంటే మా ఊళ్ళో పట్టపగలు సారా దుకాణంలో దొరికిపోయినట్టే. హత్యాయత్నం నేరం మీద పడుతున్నా ఆ మాట బయటపెట్టడానికి సిగ్గుపడిందంటే నేను నమ్ముతాను.

"రెండు నెలలుగా వెళ్తున్నా," అంది కొరీన్, కళ్ళు తుడుచుకుంటూ. "ఈ ఇంట్లో నాకు మాట్లాడే దిక్కు లేదు. అక్కడ ఆడవాళ్ళు నవ్విస్తారు. ఈ శనివారం అదృష్టం బాగోలేదు, త్వరగా వచ్చేశా."

"అంతసేపూ ఇల్లు ఎవరికి అప్పజెప్పావు?"

"ఒక మంచి మనిషికి. ఎవరికీ చెప్పనని నాకు మాటిచ్చి, ప్రతిసారీ వచ్చి కూర్చున్నారు. నాకు మేలు చేసినవాళ్ళని నేను రచ్చకీడ్చను. ఆ మనిషికి కార్డులంటే ఏమిటో కూడా తెలీదు."

"పేరు చెప్పు," అన్నాడు స్ట్రేక్.

"చెప్పను. జైల్లో పెట్టుకోండి."

ఆ మొండితనం నాకు తెలుసు, అది బెక్టల్ రక్తం. నేను ఆమెని వదిలేసి బల్ల వైపు తిరిగాను. ఆరిన్ తన పనికి వాడే తెల్ల అద్దుడు కాగితాల కట్ట అక్కడే ఉంది, కొత్తది, చుట్టిన పట్టీ కూడా తెగలేదు. మరి వచ్చినవాడు దేంతో తడిపాడు? దేంతో ఆర్చాడు? తనతో తెచ్చుకుని ఉండాలి. వాడాక దాన్ని ఎక్కడ పడేశాడు? కొరీన్ అనుకోకుండా త్వరగా వచ్చేసింది. చేతిలో చెమ్మ కాగితం. చుట్టూ సొరుగుల్లో వేల అద్దుడు కాగితాలు. గడ్డివాములో గడ్డిపోచ దాచడానికి తెలివెందుకు?

సొరుగులు ఒకటొకటే లాగాను. స్ట్రేక్ విసుక్కున్నాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, రెండు సార్లు గడియారం చూశాడు. ఆరో ఏడో సొరుగులో నా చెయ్యి ఆగింది. ఒకే బొమ్మ రెండు సార్లు. చీకట్లో వెలిగే లాంతరు, కింద 'పిలుపు ఏ గడియలో వచ్చినా సిద్ధంగా ఉండు' అని వాక్యం.

"కొరీన్, ఇవి రెండున్నాయేమిటి?"

ఆమె దగ్గరికొచ్చి చూసింది. "ఉండకూడదే. పెదనాన్న రెండోది ఉంచడు. రెండోది చేతికొస్తే ఆ ఆదివారమే ఏ పిల్లకో ఇచ్చేస్తాడు."

నిజమే. నా చిన్నప్పుడు నాకు దక్కినవన్నీ అలా వచ్చిన రెండోవే.

"వెండల్, కర్టెన్ దించి దీపం వెలిగించు."

"నాకు పని చెప్తున్నావా?"

"చెప్తున్నా. వెలిగించు."

వెలిగించాడు. ఊదా వెలుగులో సొరుగంతా మట్టి రంగుగా పడుంది. ఒక్క లాంతరు మాత్రం నీలంగా మెరిసింది. దాన్ని వెనక్కి తిప్పాను. మధ్యలో కాగితం ఉబ్బి ఆరిన గుర్తు, నాలుగు మూలలూ స్పష్టంగా ఉన్నాయి. పుస్తకంలోని కార్డు మీద పెడితే వెంట్రుకవాసి కూడా తేడా రాలేదు.

స్ట్రేక్ కుర్చీలోంచి లేచాడు. ఈసారి వదినా అనలేదు.

"కార్డుల వాడైతే తడి కార్డుని రంగు అచ్చు దరిదాపులకి తీసుకురాడు, మరక పడుతుందని భయం," అన్నాను. "ఈ కాగితాలు దాచుకునేవాడైతే దీన్ని తడిపే ముందు చెయ్యి నరుక్కుంటాడు. ఇది ఆ రెండు జాతులవాడూ కాదు. వీటిని ఊరికే పంచిపెట్టే కాగితాలుగా చూసేవాడు. ఎవరో చెప్పిన పని విని, చేతికందినదాంతో చేసినవాడు."

"నెస్ అండ్ సన్స్," అని స్ట్రేక్ కింది అంచున ఉన్న పేరు చదివాడు. "దీంతో ఏం తేలుతుంది? వీళ్ళు పంచని ఇల్లేది ఈ ఊళ్ళో?"

"పాతవి పంచారు. ఇది కొత్తది."

"కొత్తవి ఇంకా పంచలేదండీ," అంది కొరీన్. ఆమె గొంతు చిన్నదైపోయింది. "కంపెనీ పెట్టి డెబ్భై అయిదేళ్ళయిందని, తాతగారి అచ్చే మళ్ళీ వేయించారు. రాబోయే మెమోరియల్ డే ఆదివారం, పోయినవాళ్ళని తలుచుకునేప్పుడు, చర్చిలో పంచాలని. పెట్టెలు ఇంకా విప్పలేదన్నారు, పెదనాన్నకి కూడా ముందుగా ఇవ్వనన్నారు..."

"ఎవరన్నారు?"

కొరీన్ సొరుగుల గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"శనివారాలు ఇంట్లో కూర్చున్నది హార్లనేనా? నోరు విప్పు తల్లీ."

తల ఊపింది.

"హార్లన్‌కి ఇంత కక్కుర్తి ఏమిటి?" అన్నాడు స్ట్రేక్, నమ్మలేనట్టు.

"హైవే పక్కన కొత్త ఫ్యూనరల్ హోమ్ వచ్చాక వీళ్ళ గడప తొక్కే శవాలు సగమయ్యాయి. ఆ మాట ఊరందరికీ తెలుసు, మనం మర్యాదకి పైకి అనం." మిగతాది నాకు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది. తాత అచ్చుని మళ్ళీ వేయించినవాడికి, ఒక బుల్లి కార్డుకి నకలు వేయించుకోవడం ఎంత పని? కార్డు నకిలీదని తెలిశాక ఆరిన్ ఎవరితో మాట్లాడాలనుకుంటాడు? మనసు విరిగినప్పుడు మా సంఘంలో ఎవరైనా వెళ్ళేది సంఘ పెద్ద దగ్గరికే. ఫోన్ చేసి రమ్మని ఉంటాడు, పాపం. "వెండల్, ఆదివారం సాయంత్రం చర్చిలో హార్లన్ కనిపించాడా?"

"నేను చర్చికెళ్ళను."

"నేను చూడలేదు," అంది కొరీన్ నేల మీంచి. "ఎవరింట్లోనో చావు కబురొచ్చి ఉంటుందనుకున్నా." అంటూనే ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. "ఆర్డిత్ గారూ, ఆయన ఇప్పుడు పెదనాన్న దగ్గరున్నారు."

అప్పటికే నేను వంటింట్లో గోడ ఫోన్ దగ్గరున్నాను. నా కళ్ళముందే బయల్దేరాడు. నేను నవ్వి సాగనంపాను. నెంబరు రెండు సార్లు తప్పు తిప్పాను. అటు నర్సు ఎత్తింది. ఉత్సాహంగా ఉంది.

"బెక్టల్ గారి ఇంటివాళ్ళా? మేమే చేద్దామనుకుంటున్నాం. ఇందాకే కళ్ళు తెరిచారు. మంచినీళ్ళడిగారు."

"పక్కన ఎవరున్నారు?"

"నెస్ గారు. పాపం, కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఇద్దరం ప్రార్థన చేసుకుంటాం, కాసేపు ఎవరూ రావద్దని తలుపు వేసుకున్నారు."

స్ట్రేక్ నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "షెరీఫ్ ఆఫీసు. ఆ గదిలోకి పో. ఇప్పుడే పో. ఫోన్ పెట్టకు, మగవాళ్ళెవరుంటే వాళ్ళని పిలుచుకుపో."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది. మేము ముగ్గురం తలలు దగ్గర పెట్టి విన్నాం. బూట్ల చప్పుడు దూరంగా వెళ్ళింది. తలుపు తట్టారు, పేరు పెట్టి పిలిచారు. మళ్ళీ తట్టారు. తర్వాత నర్సు గొంతు వినిపించింది, మాతో కాదు, అక్కడెవరితోనో అంటోంది.

"తలుపు రావడం లేదు. లోపల్నుంచి ఏదో అడ్డం పెట్టారు."